వేరుశనగ బూజుకి వైరస్ పట్టిందా? విజయనగరం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఆగస్టు చివరి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా నోటుబుక్కులో రాసుకున్నదాన్ని ఇక్కడ తిరగరాస్తున్నాను. డిగ్రీ కాలేజీ ల్యాబులో, పెద్ద యంత్రాలు లేకుండా ఇదే పని చేయాలనుకునేవాళ్ళు మేం పడిన చోట మళ్ళీ పడకూడదని. చేసింది నేనూ, ఫైనలియర్ బోటనీ పిల్లలిద్దరూ.

ప్రశ్న ఇది. వేరుశనగ మొక్క మొదలు కుళ్ళిపోయే తెగులుకి కారణం స్క్లెరోషియం రోల్ఫ్‌సి అనే శిలీంధ్రం. ప్లేటు మీద పెంచితే మామూలుగా పరుగెత్తుతుంది, కానీ కొన్ని నమూనాలు నీరసంగా పాకుతాయి. ఆ నీరసం వైరస్ వల్లేనా? వైరస్సే అయితే దాన్ని పక్క నమూనాకి అంటించగలమా, లేక ఆ శిలీంధ్రం అడ్డుకుంటుందా?

శిలీంధ్రాలకీ వైరస్‌లు ఉంటాయని 1962లో ఇంగ్లండులో హోలింగ్స్ బటన్ పుట్టగొడుగుల్లో చూపించాడు. వీటిలో చాలావాటికి బయటికొచ్చి గాల్లోనో నీళ్ళలోనో తిరిగే దశే లేదు. ఒక శిలీంధ్రం పోగు ఇంకో పోగుతో కలిసిపోయినప్పుడు అటు దాటతాయి, లేదా బీజాల్లో కూర్చుని పిల్లలకి వెళ్తాయి. మా ప్రాజెక్టులో తేలిందీ, తేలనిదీ చాలావరకు ఈ ఒక్క విషయం మీదే ఆధారపడింది.

దశ 1: పొలం నుంచి ప్లేటుకి (రోజు 1 నుంచి 12)

గంట్యాడ, బొండపల్లి వైపు పొలాల్లో మొదటి రోజు 16 మొక్కలు పీకాం. మొక్క మొదట్లో తెల్లటి దూది చుట్టుకుని, దాని మీద గుండ్రటి గోధుమరంగు గింజలు అంటుకుని ఉంటాయి. "ఇదేటి మేస్టారూ, మొదట్లో ఆవాలు పోసినట్టుంది" అన్నాడు పొలం ఆయన. అచ్చం అంతే. వీటిని స్క్లెరోషియా అంటారు, మేం చివరిదాకా ఆవాలు అనే అన్నాం. ఎండకీ వానకీ తట్టుకుని మట్టిలో ఏళ్ళ తరబడి బతికేవి ఇవే.

మొక్కల్ని పాలిథిన్ కవర్లలో మూతి కట్టి తెచ్చాం, అదే తప్పు. బస్సులో వచ్చేసరికే కవర్ల లోపల చెమట పట్టింది, తెల్లారి చూస్తే తొమ్మిది మొక్కలు జిగురై, మీద ట్రైకోడెర్మా అనే ఇంకో బూజు ఆకుపచ్చగా లేచింది. రెండోసారి పూసపాటిరేగ వైపు కూడా వెళ్ళి 8 మొక్కలు తెచ్చాం, ఈసారి బ్రౌన్ పేపర్ కవర్లలో, మట్టి దులిపి. ఒక్కటే పాడైంది.

రెండో తప్పు, ఆవాలను నేరుగా బంగాళాదుంప అగార్ (పీడీఏ, శిలీంధ్రాన్ని పెంచే జెల్లీ) మీద పెట్టడం. అది బాక్టీరియాకి విందు భోజనం. తిండి లేని ఉత్త నీళ్ళ అగార్ మీద ముందు మొలకెత్తించాకే దారికొచ్చింది. చివరికి స్థిరపడిన పద్ధతి:

1. పట్టకారుతో ఆవాలు తీసి, మట్టి పోయేదాకా నీళ్ళలో ఊపాలి.
2. 4 శాతం అని రాసి ఉన్న హైపోక్లోరైట్ ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు కలిపి, అందులో 2 నిమిషాలు ఉంచాలి.
3. కుక్కర్లో స్టెరిలైజ్ చేసిన నీళ్ళతో మూడుసార్లు కడగాలి.
4. వడపోత కాగితం మీద ఆరనిచ్చి, 2 శాతం నీళ్ళ అగార్ మీద ప్లేటుకి నాలుగు పెట్టాలి.
5. తెల్లటి పోగులు బయటికి రాగానే, అంచు నుంచి చిన్న ముక్క కోసి పీడీఏకి మార్చాలి.

లెక్క: మొక్కలు 24, శుద్ధమైన నమూనాలు 14 (వి1 నుంచి వి5 గంట్యాడ, వి6 నుంచి వి9 బొండపల్లి, వి10 నుంచి వి14 పూసపాటిరేగ). పారేసిన ప్లేట్లు 19. ఖర్చు రూ. 2,650. (ఇక నుంచి ప్రతి లెక్కలోనూ ప్లేట్లు, ఖర్చు మొదటి రోజు నుంచి కలిపినవి.)

దశ 2: నీరసాన్ని కొలవడం (రోజు 13 నుంచి 30)

పీడీఏ అందరూ చేసేదే: లీటరుకి బంగాళాదుంపలు 200 గ్రాములు, డెక్స్‌ట్రోజ్ 20, అగార్ 20, ప్రెషర్ కుక్కర్లో 20 నిమిషాలు. నమూనా నుంచి 5 మి.మీ. బిళ్ళ తీసి ప్లేటు మధ్యలో పెట్టి, 48 గంటలకి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి, సగటులోంచి బిళ్ళ 5 మి.మీ. తీసేశాం.

మొదటి కొలతలో పది నమూనాలు 50 నుంచి 58 మి.మీ. మధ్య వచ్చాయి. నాలుగు వెనకబడ్డాయి: వి3 31, వి6 24, వి8 36, వి11 29. నాలుగు వైరస్ నమూనాలు దొరికాయని బోర్డు మీద రాసేశాం కూడా. అప్పుడు పిల్లల్లో ఒకమ్మాయి, "సార్, వి8 బిళ్ళ పాత ప్లేటు మధ్యలోంచి తీశాం కదా, మిగతావి అంచు నుంచి తీశాం" అంది. నిజమే. ముసలి పోగు మేలుకోడానికే ఒక పూట పడుతుంది. మళ్ళీ మొదలుపెట్టి మార్చినవి ఇవి:

1. బిళ్ళ ఎప్పుడూ రెండు రోజుల వయసున్న ప్లేటు అంచు నుంచే.
2. ప్రతి ప్లేటులో కొలిచి 20 మి.లీ. మీడియా. కంటితో పోస్తే పలచన, మందం తేడాలొచ్చి పెరుగుదల మారిపోతోంది.
3. ఇన్‌క్యుబేటర్ లేదు. గది మధ్యాహ్నం 34 డిగ్రీలు, తెల్లవారుజామున 27. థర్మోకోల్ పెట్టెలో నీళ్ళ సీసాలు పెట్టి, మాక్సిమమ్-మినిమమ్ థర్మామీటరు వేలాడదీశాం. 27 నుంచి 30 మధ్య నిలబడింది.
4. నమూనాకి ఒక ప్లేటు కాదు, ఐదు.

మళ్ళీ కొలిస్తే వి8 54 మి.మీ. వచ్చి మామూలు గుంపులో చేరిపోయింది. వి3ని మైక్రోస్కోపు కింద చూస్తే పోగుల పక్కనే బాక్టీరియా ఈదుతున్నాయి. లీటరుకి 100 మి.గ్రా. స్ట్రెప్టోమైసిన్ కలిపిన మీడియా మీద రెండుసార్లు మార్చాక అదీ 53కి వచ్చేసింది. రెండే మిగిలాయి: వి6 (23 నుంచి 26), వి11 (28 నుంచి 31).

లెక్క: వాడిన ప్లేట్లు 168, అనుమానితులు 4 నుంచి 2కి. ఖర్చు రూ. 5,100.

దశ 3: రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ కోసం (రోజు 31 నుంచి 68)

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పోయింది ఇక్కడే, కాబట్టి తీరిగ్గా రాస్తాను.

మనం వెతికేది రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ, అంటే రెండు గొలుసులు జంటగా పెనవేసుకున్నది. శిలీంధ్ర వైరస్‌లలో చాలావాటికి జన్యువే అది. ఒంటి పేటవైనా కాపీ అయ్యేటప్పుడు రెండు పేటల రూపం ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న శిలీంధ్రంలో ఇంత పొడవైనది పోగుపడి ఉండదు. ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది: శిలీంధ్రం కూడా దొంగని పట్టుకునేది ఈ గుర్తుతోనే. డైసర్ అనే ఎంజైము రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ కనబడగానే చిన్న చిన్న ముక్కలుగా తరిగేస్తుంది, ఆర్గోనాట్ అనే ప్రోటీను ఆ ముక్కల్ని ఆనవాలుగా పట్టుకుని అదే వరుస ఉన్న వైరస్ ఆర్‌ఎన్‌ఏని వెతికి నరుకుతుంది. చెస్ట్‌నట్ చెట్లని చంపే క్రిఫోనెక్ట్రియా శిలీంధ్రంలో డీసీఎల్2 అనే డైసర్ జన్యువుని తీసేస్తే వైరస్ సోకినప్పుడు అది బాగా చితికిపోతుందని 2007లో చూపించారు. వైరస్ కూడా ఊరుకోదు, పీ29 అనే ప్రోటీనుతో ఈ కాపలాని నొక్కేస్తుంది. అంటే మా జెల్ (ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని కరెంటుతో నడిపి పొడవుల వారీగా విడదీసే పలక) మీద గీత కనపడిందంటే, ఆ శిలీంధ్రం కాపలాని దాటుకుని వైరస్ కాపురం పెట్టిందని అర్థం.

పద్ధతి పాతదే, 1979లో మోరిస్, డాడ్స్ ఇచ్చిన సెల్యులోజ్ పద్ధతి. 16 శాతం ఇథనాల్ ఉన్నప్పుడు రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ సెల్యులోజ్‌కి అంటుకుంటుంది, ఇథనాల్ తీసేస్తే ఊడొస్తుంది. పాత పుస్తకాల్లో ఉండే సీఎఫ్-11 సెల్యులోజ్ ఇప్పుడు తయారవడం లేదు, పీచుగా ఉండే మరో సెల్యులోజ్ పొడి వాడాం. జెల్, ఫీనాల్ పనులు మాత్రం విశాఖలో స్నేహితుడి ల్యాబులో, ఫ్యూమ్ హుడ్ కింద చేశాం. ఫీనాల్ ఒంటి మీద పడితే కాల్చేస్తుంది, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకండి.

మొదటి జెల్: 14 వరసల్లోనూ పైన లావుగా ఒకే గీత. అన్నిటికీ వైరస్ ఎలా ఉంటుంది? అది శిలీంధ్రం సొంత డీఎన్‌ఏ.

రెండో జెల్: డీఎన్‌ఏస్ వేసి డీఎన్‌ఏని, ఆర్‌ఎన్‌ఏస్-ఏ వేసి ఒంటి పేట ఆర్‌ఎన్‌ఏని తినిపించాం. ఈసారి అన్ని వరసలూ ఖాళీ. వైరస్ లేకనా, మా పద్ధతి తప్పా? చెప్పలేం, ఎందుకంటే తప్పకుండా గీత రావాల్సిన నమూనా మా దగ్గర ఒక్కటీ లేదు. పాజిటివ్ కంట్రోల్ లేకుండా రెండు వారాలు నడిపాం, ఈ డైరీలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు అదే.

కంట్రోల్ ఎక్కడ దొరుకుతుంది? ముందు ఈస్టు అనుకున్నాం. కొన్ని ఈస్టుల్లో ఎల్-ఏ అనే రెండు పేటల వైరస్ ఉంటుంది, దానితోపాటు ఉండే ఇంకో చిన్న ముక్క విషం తయారుచేసి పక్క ఈస్టుల్ని చంపుతుంది, అందుకే వాటిని కిల్లర్ ఈస్టులంటారు. ఆ ఈస్టు జాతి తన డైసర్ కాపలాని ఎప్పుడో పోగొట్టుకుంది కాబట్టే ఈ వైరస్ అందులో నిలబడగలుగుతోంది. కానీ షాపులో కొన్న ప్యాకెట్టులో అది ఉందో లేదో హామీ లేదు. చివరికి పరిష్కారం కూరగాయల్లో దొరికింది. క్యాప్సికం మొక్కల్లో ఎండోర్నావైరస్ అని ఒకటి చాలా మామూలుగా ఉంటుంది, మొక్కకి జబ్బేమీ చేయదు, గింజ ద్వారా తరతరాలకీ వెళ్తుంది. దాని ఆర్‌ఎన్‌ఏ పొడవు దాదాపు 14.7 వేల బేసులు (బేసు అంటే అందులో ఒక్కో అక్షరం). రైతుబజారులో క్యాప్సికం కాయలు కొని, గింజలు మొలకెత్తించి, లేత ఆకుల్ని శిలీంధ్రంతో పాటే నూరాం.

మూడో జెల్: క్యాప్సికం వరస కూడా ఖాళీ. నిజానికి మంచి వార్త, తప్పు మా చేతిలోనే ఉందని తేలింది. ఒక్కో అడుగూ వెనక్కి వెళ్ళి చూస్తే రెండు బయటపడ్డాయి. సెల్యులోజ్ నింపిన కాలమ్‌ని కడిగే ద్రావణంలో ఇథనాల్ కలపడం మర్చిపోయాం, కాబట్టి మనకి కావాల్సిందే కొట్టుకుపోతోంది. రెండోది, ఆర్‌ఎన్‌ఏస్-ఏని ఉత్త నీళ్ళలో వాడాం. ఉప్పు తక్కువైతే ఆ ఎంజైము ఒంటి పేట, రెండు పేటలు అని చూడదు, అన్నిటినీ తినేస్తుంది. ఉప్పు 0.3 మోలార్ ఉంటేనే రెండు పేటలది మిగులుతుంది. ఆ తర్వాత దీన్నే పరీక్షగా పెట్టుకున్నాం: ఒకే నమూనాని ఎక్కువ ఉప్పులో ఒకటి, తక్కువ ఉప్పులో ఒకటి వేసి, మొదటిదాంట్లో గీత మిగిలి రెండోదాంట్లో పోతేనే నమ్మాం.

సరిదిద్దిన పద్ధతి, నమూనాకి 2 గ్రాముల లెక్కన:

1. బంగాళాదుంప రసంలో ఐదు రోజులు కదపకుండా పెంచి, మల్లు గుడ్డలో వడకట్టి, కాగితాల మధ్య నొక్కి, రాత్రంతా డీప్ ఫ్రీజర్లో పెట్టాలి. ద్రవ నైట్రోజన్ మాకు అందుబాటులో లేదు, చల్లబరిచిన కల్వంలో స్టెరిలైజ్ చేసిన ఇసుకతో నూరితే సరిపోయింది.
2. ఉప్పు 0.1 మోలార్, ట్రిస్ 0.05, ఈడీటీఏ 0.001, పీహెచ్ 7 ఉన్న బఫరు, ఎస్‌డీఎస్, ఫీనాల్-క్లోరోఫాం కలిపి ఊపి, సెంట్రిఫ్యూజ్ చేసి పైనున్న నీటి భాగం తీసుకోవాలి.
3. ఆ నీటి భాగం 10 మి.లీ.కి అబ్సల్యూట్ ఇథనాల్ 1.9 మి.లీ. పడితే 16 శాతం అవుతుంది. ఇథనాల్ 95 శాతానిదైతే 2 మి.లీ.కి కొంచెం పైన.
4. 5 మి.లీ. సిరంజి అడుగున గాజు దూది పెట్టి, సెల్యులోజ్ నింపి, నమూనా పోసి, 16 శాతం ఇథనాల్ ఉన్న బఫరుతోనే కడగాలి. సిరంజి మీదే రాసిపెట్టుకోండి.
5. ఇథనాల్ లేని బఫరుతో దింపి, రెండున్నర రెట్లు చల్లటి ఇథనాల్ పోసి రాత్రంతా ఉంచాలి.
6. డీఎన్‌ఏస్, తర్వాత ఉప్పు సరిచూసి ఆర్‌ఎన్‌ఏస్, ఆపైన 1 శాతం అగరోజ్ జెల్.

నాలుగో జెల్ నాడు క్యాప్సికం వరసలో పైన సన్నగా, స్పష్టంగా గీత నిలబడింది. వి6లో దానికి కాస్త కింద ఒక గీత. వి11లో 2 వేల బేసుల దగ్గర రెండు గీతలు, దగ్గర దగ్గరగా. పన్నెండు ఖాళీగా ఉండాల్సిన చోట పదకొండే ఖాళీ. వి2లోనూ గీత ఉంది! వి2 మా దగ్గర హాయిగా పరుగెత్తే నమూనాల్లో ఒకటి, 55 మి.మీ. జెల్ తప్పేమోనని మళ్ళీ మొదటి నుంచీ తీశాం, మళ్ళీ అదే గీత. శిలీంధ్ర వైరస్‌లలో ఎక్కువ భాగం పైకి ఏ లక్షణమూ చూపించవని చదవడం వేరు, వి2 ప్లేటు చేతిలో పట్టుకుని చూడటం వేరు.

ఒక హెచ్చరిక. మేం వాడిన లాడర్ (పక్క వరసలో వేసే, పొడవులు తెలిసిన ముక్కల కొలబద్ద) డీఎన్‌ఏది. రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ దానితో సమానంగా నడవదు, కాబట్టి పొడవులు ఉజ్జాయింపు. ఆర్‌ఎన్‌ఏ అక్షరాల వరుస చదివించకుండా వైరస్ పేరు పెట్టొద్దు, మేం పెట్టలేదు.

మధ్యలో దసరా, పైడితల్లి అమ్మవారి సిరిమాను సెలవుల్లో ల్యాబు మూసేశారు. పెట్టెలో మర్చిపోయిన వి6 ప్లేట్లు ఎండి, ఆవాలు కట్టాయి. పారేయబోయి ఆగి, 20 ఆవాలు మొలకెత్తించాం. మొలిచిన 17 నమూనాలూ నీరసంగానే పెరిగాయి, అందులో ఆరింటికి జెల్ చేస్తే ఆరింటిలోనూ గీత. ఆవాల్లో కూర్చుని వైరస్ కూడా ఎండాకాలం గడిపేయొచ్చన్నమాట.

లెక్క: జెల్‌లు 7 (పనికొచ్చినవి 4), గీత ఉన్న నమూనాలు 14లో 3. విశాఖ ప్రయాణాలు 9. ఖర్చు రూ. 13,800.

దశ 4: వైరస్ తీసేసి చూడటం (రోజు 69 నుంచి 92)

గీత ఉంది, నీరసం ఉంది. ఒకటి రెండోదానికి కారణం అనడానికి ఇది చాలదు. వైరస్ తీసేస్తే శిలీంధ్రం తేరుకోవాలి, తిరిగి పెడితే మళ్ళీ నీరసించాలి.

పోగు కొసన వైరస్ ఒక్కోసారి ఉండదు, లేదా చాలా తక్కువ. నీళ్ళ అగార్ మీద పలచగా పెంచి, మైక్రోస్కోపు కింద ఇన్సులిన్ సూదితో అర మి.మీ. కన్నా చిన్న కొస కోసి కొత్త ప్లేటుకి మార్చాలి. మొదటి రోజు కోసిన పన్నెండూ చచ్చాయి, లైటు వేడికి అగార్ ఎండిపోతోంది. లైటు తగ్గించి, ఒక్కో ప్లేటు మీద రెండు నిమిషాలకి మించకుండా పనిచేశాం. అవి పోను లెక్క ఇది:

వి6: కొసలు 30, బతికినవి 22, గీత లేనివి 5.
వి11: కొసలు 30, బతికినవి 19, గీత లేనివి 7.
వి4 (వైరస్ లేనిది, కోత వల్లే ఏమైనా మారుతుందేమో చూడటానికి): కొసలు 10, బతికినవి 8, అన్నీ 51 నుంచి 56 మి.మీ.

గీత లేదంటే వైరస్ పోయిందని కాదు, జెల్‌కి అందనంత తక్కువ ఉందేమో. మూడుసార్లు మార్చి పెంచి మళ్ళీ చూస్తే, వి6 ఐదింటిలో ఒకదానికి గీత తిరిగొచ్చింది. నాలుగే నిజంగా శుభ్రం. ఆ నాలుగూ 51 నుంచి 54 మి.మీ.కి లేచాయి. కొస కోసినా వైరస్ మిగిలిపోయినవి 23 నుంచి 27 దగ్గరే ఉన్నాయి. వి6 నీరసం వైరస్‌దే.

వి11 సంగతి వేరు. గీత పోయిన ఏడూ 29 నుంచి 32 మి.మీ. దగ్గరే పాకుతున్నాయి. దాని నీరసం దాని సొంతం, వైరస్ ఊరికే అద్దెకున్నట్టుంది. కొసలు కోయకుండా ఆపేసి ఉంటే వి11ని కూడా "వైరస్ వల్ల బలహీనపడిన నమూనా" అని రాసి ప్రింటు తీసేవాళ్ళం.

లెక్క: గీత ఉన్నవి 3, గీత నీరసానికి కారణమైనది 1. వాడిన ప్లేట్లు 402. ఖర్చు రూ. 15,900.

దశ 5: గట్టు దగ్గర (రోజు 93 నుంచి 121)

ఇప్పుడు వి6 వైరస్‌ని మిగతావాటికి అంటించాలి. రెండు నమూనాల్ని ఒకే ప్లేటులో ఎదురెదురుగా పెడితే, సొంతవాళ్ళైతే పోగులు కలిసిపోయి ఎక్కడ కలిశాయో కూడా తెలియదు. పరాయివాళ్ళైతే మధ్యలో గీత పడుతుంది. పొలాల మధ్య గట్టులా, అటు దట్టంగా, ఇటు దట్టంగా, నడుమ వేలి గోరంత వెడల్పున బోడిగా. ప్లేటుని వెలుతురుకి ఎత్తి చూస్తే ఆ సందులోంచి అవతలి కిటికీ ఊచలు కనిపించాయి. అక్కడ పోగులు తాకలేదని కాదు. తాకి, కలిసి, ఒకరినొకరు పరాయి అని గుర్తుపట్టి, కలిసిన కణాన్ని చంపేసుకున్నాయి. ఆ కణంతోపాటు వైరస్‌కి దారీ పోతుంది. డైసర్ ఇంట్లో కాపలా అయితే ఇది ఊరి పొలిమేర దగ్గర కాపలా.

ఎవరు ఎవరికి సొంతమో తెలియాలంటే 14 నమూనాల్నీ జతలు కట్టాలి, 91 జతలు. ప్లేటుకి మూడు నమూనాలు పెడితే మూడు జతలు తేలతాయి కదా అని మా లెక్కల మాస్టారిని అడిగితే, ఒక సాయంత్రం కూర్చుని ఏ జతా రెండుసార్లు రాకుండా 35 ప్లేట్లకి పట్టిక వేసిచ్చారు: 28 ప్లేట్లలో ముగ్గురేసి, 7 ప్లేట్లలో ఇద్దరేసి. 56 ప్లేట్లు మిగిలాయి.

ఫలితం, 14 నమూనాలు 4 గుంపులు. వి6 గుంపులో వి7, వి9 మాత్రమే, రెండూ బొండపల్లివే.

అంటించే మొదటి ప్రయత్నం వృథా. రెండింటినీ ఒకే రోజు పెడితే, ఆరోగ్యంగా ఉన్నది నీరసంగా ఉన్నదాన్ని కప్పేసింది. తర్వాత వి6ని ప్లేటు అంచుకి 10 మి.మీ. దూరంలో రెండు రోజులు ముందు పెట్టి, రెండోదాన్ని 60 మి.మీ. దగ్గర పెట్టాం. కలిశాక నాలుగు రోజులు ఆగి, కలిసిన గీతకి 40 మి.మీ. వెనక నుంచి బిళ్ళ తీశాం. వి6 రోజుకి 6 మి.మీ. మించి నడవదు, నాలుగు రోజుల్లో 24. అంటే 40 మి.మీ. దగ్గర నీరసం కనిపిస్తే అక్కడికి వచ్చింది వి6 కాదు, వైరస్.

1. శుభ్రం చేసిన వి6కి: 6 ప్లేట్లలో 6 అంటింది, పెరుగుదల మళ్ళీ 24 నుంచి 28కి పడింది.
2. వి7కి: 6లో 5.
3. వి10కి (వేరే గుంపు): 12లో 0.
4. వి4కి (ఇంకో గుంపు): 12లో 1.

ఆ ఒక్కటి మమ్మల్ని మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. గట్టు దాటిందని రాయబోయే ముందు, ఆ నమూనాని అసలు వి4తో మళ్ళీ జతకట్టాం. మధ్యలో గట్టు పడింది. వి6తో పెడితే కలిసిపోయింది. అంటే అది వి4 కానే కాదు, ఆ ప్లేటు బోర్లించి పెట్టనందువల్ల మూతకి పట్టిన చెమట కారి, వి6 పోగు దాంట్లో కొట్టుకొచ్చింది. 12లో 0గా దిద్దాం. వేరే గుంపుకి అంటిందనుకున్న ప్రతి నమూనానీ దాని అసలుతో జతకట్టి చూడకుండా రాయకండి.

వి6ని నూరి, వడకట్టి, ఆ రసాన్ని వి7 మీద పోసి కూడా చూశాం: 8లో 0. చైనాలో 2010లో స్క్లెరోటీనియా శిలీంధ్రంలో ఒక డీఎన్‌ఏ వైరస్ దొరికింది, దాని రేణువులు బయట నుంచే పోగుల్లోకి దూరగలవు. అది అరుదు, మాది ఆ రకం కాదనిపిస్తోంది.

లెక్క: గట్టు లేనిచోట 12లో 11, గట్టు ఉన్నచోట 24లో 0. వాడిన ప్లేట్లు 506. ఖర్చు రూ. 17,700.

దశ 6: కుండీలు (రోజు 108 నుంచి 134)

ఇది దశ 5తో పాటే నడిచింది. వైరస్ ఉంటే శిలీంధ్రం మొక్కల్ని చంపడం తగ్గుతుందా అని చూడాలి. జొన్న గింజల మీద శిలీంధ్రాన్ని పెంచి, మూడు వారాల వేరుశనగ మొక్కల మొదట్లో పెట్టాం. మొదటిసారి ఎర్రమట్టిని అలాగే నింపితే, ఏమీ పెట్టని కుండీల్లోనే 12లో 4 చచ్చాయి. మట్టిలోనే తెగులుంది. రెండోసారి మట్టిని వరసగా రెండు రోజులు కుక్కర్లో గంటేసి ఉడికించి వాడాం.

ఏమీ పెట్టనివి: 12లో 0 చచ్చాయి.
వైరస్ ఉన్న వి6: 12లో 3.
శుభ్రం చేసిన వి6: 12లో 10.

పన్నెండేసి కుండీలు చిన్న లెక్క, ఇంకోసారి చేయాలి. కుండీలు, మట్టి, ప్లేట్లు అన్నీ కుక్కర్లో ఉడికించాకే బయట పారేశాం. వైరస్ ఉన్న వి6ని కూడా పొలంలోకి తీసుకెళ్ళలేదు, తీసుకెళ్ళకూడదు కూడా, మూడు మొక్కల్ని చంపిన శిలీంధ్రం అది.

బొండపల్లి పొలం ఆయనకి ఫోన్ చేసి చెబితే, "అయితే మందు దొరికినట్టేనా మేస్టారూ?" అని అడిగారు. లేదండీ అని చెప్పడానికి గట్టు సంగతంతా చెప్పాల్సొచ్చింది. ఆయనకి చాలా తేలిగ్గా అర్థమైంది. "అంటే మా పొలంలో ఎన్ని కులాలున్నాయో ముందు లెక్కెట్టాలి" అన్నారు.

అచ్చంగా అదే అసలు ప్రశ్న. చెస్ట్‌నట్ శిలీంధ్రం విషయంలో జరిగింది ఇదే. 1904లో న్యూయార్కులో కనిపించి అమెరికా చెస్ట్‌నట్ అడవుల్ని తుడిచిపెట్టింది. ఐరోపాలో మాత్రం 1950ల్లో ఇటలీలో చెట్ల పుళ్ళు వాటంతటవే మానడం గమనించారు, తర్వాత కారణం వైరస్ అని తేలింది. అక్కడ శిలీంధ్రపు గుంపులు తక్కువ, కాబట్టి వైరస్ ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. అమెరికాలో గుంపులు ఎక్కువ, గట్లు ఎక్కువ, అంతగా పాకలేదు. ఆ శిలీంధ్రంలో ఆరు చోట్ల ఉన్న జన్యువులు రెండేసి రూపాల్లో ఉంటే 64 గుంపులవుతాయి. 2016లో ఆ జన్యువుల్నే కొన్ని తీసేసి, గట్టు కట్టలేని, వైరస్‌ని పక్కవాటికి అందించే దాత శిలీంధ్రాన్ని తయారుచేశారు. మా ల్యాబులో అలాంటి పని జరగదు, కానీ గుంపులు లెక్కపెట్టడం జరుగుతుంది. దానికి కావాల్సింది ప్లేట్లు, కుక్కరు, ఓపిక.

ఇప్పుడు ఎక్కడున్నాం (రోజు 134)

మొత్తం ప్లేట్లు 522, పాడైనవి 97. జెల్‌లు 11. ఖర్చు రూ. 19,350. నమూనాలు 14, గీత ఉన్నవి 3, వైరస్ వల్ల నీరసించినది 1, గుంపులు 4.

వి2, వి6, వి11 ఆవాలు ఎండబెట్టి, కాగితం పొట్లాల్లో కట్టి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాం. వి2 కొసలు కోయడం ఇంకా మొదలుపెట్టలేదు. రబీ వేరుశనగ ఊడలు దిగే వేళకి బొండపల్లి వెళ్ళి, ఒకే పొలంలో అడుగు అడుగుకీ ఒక మొక్క చొప్పున 30 మొక్కలు తేవాలి, పేపర్ కవర్లలో. 30 నమూనాలకి 435 జతలు. ఎన్ని ప్లేట్లలో సర్దొచ్చో లెక్కల మాస్టారు ఇప్పటికే పట్టిక వేయడం మొదలుపెట్టారు.